పాత డీజిల్ జీపులలో ఇంజను మొరాయింపు

ఇంజను మొరాయింపు అనగా తాళం తిప్పినపుడు వాహనపు ఇంజను మొదలు కాకపోవడం, లేదా మొదలైన తరువాత నడుస్తూ నడుస్తూ దానంతట అదే ఆగిపోవడం. పెట్రోలు వాహనాలలోనూ, డీజిల్ వాహనాలలోనూ ఈ సమస్య వస్తుంది. అయితే రెండింటిలో కారణాలు వేరు. భారతదేశంలో 1990 మరియు 2000 దశకాలలో విరివిగా అమ్ముడైన టాటా సుమో, మహీంద్రా బొలేరో, టొయోటా క్వాలిస్ వంటి డీజిల్ జీపు తరహా వాహనాలలో ఇంజను మొరాయించడానికి గల కారణాలు, వాటిని వరుసగా కనుగొనే పద్ధతి, పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ఒకే లక్షణానికి పలు కారణాలు ఉండడం ఈ సమస్యలోని ముఖ్యమైన చిక్కు. పగిలిన చిన్న రబ్బరు గొట్టం వలన ఆగిన ఇంజనూ, లోపల అరిగిపోయిన డీజిల్ పంపు వలన ఆగిన ఇంజనూ పైకి ఒకే విధంగా కనిపిస్తాయి. మొదటిదానికి ఖర్చు స్వల్పం. రెండవదానికి చాలా ఎక్కువ. అందువలన భాగాలను మార్చడానికి ముందు కారణాన్ని నిర్ధారించుకోవడం అవసరం. పైగా ఘాట్ రోడ్డు మీద గాని, రైల్వే గేటు వద్ద గాని ఇంజను ఆగిపోతే అది ప్రాణాపాయానికి దారి తీయవచ్చు.

నేపథ్యం

టాటా సుమో 1994లో విడుదలైంది. టెల్కో సంస్థకు అధ్యక్షునిగా పనిచేసిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరు, ఇంటిపేరులలోని తొలి అక్షరాలు కలిపి దీనికి ఈ పేరు పెట్టారు. దీని ఉత్పత్తి 2019లో నిలిచిపోయింది. మహీంద్రా బొలేరో 2000లో వచ్చింది. టొయోటా క్వాలిస్ కూడా 2000లోనే బెంగళూరు సమీపంలోని బిడది కర్మాగారం నుండి వెలువడి, 2005లో ఇన్నోవాకు చోటిచ్చి తప్పుకున్నది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలలో ఇవి సొంత వాహనాలుగానే కాక, పల్లెల నుండి పట్టణాలకు ప్రయాణికులను చేరవేసే వాహనాలుగా, పెళ్ళిళ్ళకు, తీర్థయాత్రలకు అద్దె బండ్లుగా ఎంతో వాడుకలోకి వచ్చాయి.

భారతదేశంలో సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత వాహనం మంచి స్థితిలో ఉన్నదని తనిఖీలో తేలితే ఐదేళ్ళకొకసారి పొడిగిస్తారు. ఈ విధంగా రోడ్డు మీద మిగిలిన పాత వాహనాలలో ఎక్కువ భాగం యాంత్రికమైన డీజిల్ పంపుతో నడిచేవి. వీటిలో కంప్యూటరు ఉండదు. అందువలన లోపాన్ని చూపే సంకేతాలు కూడా ఉండవు. చెవి, కన్ను, ఒక వోల్టుమీటరు, కొన్ని రెంచీలు - ఇవే పరీక్షా సాధనాలు.

ఇంజను మొదలు కావడానికి కావలసినవి

జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిపి చూపిన ఇంజను సూత్రమే నేటి డీజిల్ ఇంజనులకు కూడా ఆధారం. పెట్రోలు ఇంజనులో వలె దీనిలో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను గట్టిగా కుదిస్తుంది. పాత జీపు ఇంజనులలో గాలి ఘనపరిమాణం సుమారు ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. అట్లా కుదించబడిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ పైగా వేడెక్కుతుంది. సరిగా అదే క్షణంలో నాజిల్ ద్వారా సన్నని తుంపరగా చిమ్మబడిన డీజిల్ ఆ వేడికి తనంతట తానే అంటుకుంటుంది.

దీనిని బట్టి ఇంజను మొదలు కావాలంటే నాలుగు అంశాలు సమకూరాలి.

• బ్యాటరీ, సెల్ఫ్ మోటారు కలిసి ఇంజనును చాలినంత వేగంగా తిప్పాలి. నెమ్మదిగా తిరిగితే కుదింపులో పుట్టిన వేడి సిలిండరు గోడలలోకి పోతుంది, కొంత గాలి రింగుల పక్క నుండి జారిపోతుంది.
• కుదింపు వలన, అవసరమైన ఇంజనులలో హీటర్ ప్లగ్గుల వలన గాలికి చాలినంత వేడి రావాలి.
• గాలి బుడగలు, నీరు లేని డీజిల్ తగిన పీడనంతో, తగిన సమయంలో నాజిల్‌కు చేరాలి.
• లోపలికి శుభ్రమైన గాలి రావాలి, పొగ అడ్డు లేకుండా బయటకు పోవాలి.

ఇంజను నడుస్తూ ఆగిపోయిందంటే వీటిలో చివరి రెండింటిలో ఒకటి తెగిపోయి ఉంటుంది, లేదా ఇంజనే తీవ్రంగా దెబ్బతిని ఉంటుంది. మొదటి రెండూ సాధారణంగా మొదలయ్యే సమయానికి సంబంధించినవి.

మొదటి పరీక్ష: ఇంజను తిరుగుతున్నదా?

తాళం తిప్పినపుడు వచ్చే శబ్దాన్ని బట్టి చాలా విషయం తెలుస్తుంది.

ఏ శబ్దమూ రాకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండవచ్చు. లేదా బ్యాటరీ టెర్మినల్ ఊడి ఉండవచ్చు, తాళం వద్ద స్విచ్చి, సెల్ఫ్ మోటారుకు పోయే సన్నని తీగ చెడిపోయి ఉండవచ్చు. హెడ్‌లైట్లు వేసి చూస్తే తేడా తెలుస్తుంది. లైట్లు బాగా వెలుగుతూ సెల్ఫ్ పలకకపోతే లోపం స్విచ్చి వైపు ఉన్నట్లు.

టకటకమని వరుసగా శబ్దం వస్తే బ్యాటరీలో శక్తి తగ్గినట్లు, లేదా టెర్మినళ్ళు వదులైనట్లు. ఒక్కసారి మాత్రమే టక్కుమని ఆగిపోతే సెల్ఫ్ మోటారు సోలినాయిడ్‌లోని రాగి స్పర్శలు అరిగి ఉండవచ్చు, లేదా ఇంజనే బిగుసుకుపోయి ఉండవచ్చు. గిర్రున మోటారు తిరిగే శబ్దం వస్తూ ఇంజను కదలకపోతే సెల్ఫ్ పళ్ళచక్రం ఫ్లైవీలును పట్టుకోవడం లేదని అర్థం.

మంచి స్థితిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో ఉన్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు దిగితే దానిలో నాలుగో వంతు శక్తి మాత్రమే మిగిలి ఉన్నదని భావించవచ్చు. సెల్ఫ్ తిరుగుతున్నపుడు వోల్టేజి తగ్గడం సహజమే గాని, 9.6 వోల్టుల కంటే దిగరాదు. ఇంజను నడుస్తున్నపుడు బ్యాటరీ వద్ద దాదాపు 13.8 నుండి 14.5 వోల్టులు ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే డైనమో గాని, దాని బెల్టు గాని సరిగా పనిచేయడం లేదు. అటువంటపుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజులకే మళ్ళీ దిగిపోతుంది.

బ్యాటరీ మంచిదైనా ఇంజను బరువుగా తిరుగుతుంటే తీగలను అనుమానించాలి. సెల్ఫ్ మోటారు కొన్ని వందల ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. తుప్పు పట్టిన ఎర్తు కనెక్షనులో కేవలం 0.01 ఓము నిరోధం ఉన్నా, 300 ఆంపియర్ల వద్ద 3 వోల్టులు అక్కడే వృథా అవుతాయి. మామూలు మీటరు అంత చిన్న నిరోధాన్ని చూపలేదు. అందువలన వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, రెండవ కొనను ఇంజను లోహానికి తాకించి, మరొకరిచేత సెల్ఫ్ వేయించి చూడాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్తు తీగను విప్పి, శుభ్రంగా గీకి, తిరిగి బిగించాలి. పాత జీపులలో బ్యాటరీ మార్చినా తీరని సమస్యలు కొన్ని ఈ ఒక్క పనితో తీరిపోతాయి.

రెండవ పరీక్ష: పొగ వస్తున్నదా?

ఇంజను వేగంగా తిరుగుతూ కూడా అంటుకోకపోతే, సెల్ఫ్ వేస్తున్నపుడు పొగ గొట్టం వైపు చూడాలి.

పొగ అసలు లేకపోతే డీజిల్ సిలిండరులోకి చేరడం లేదు. తెల్లని పొగ వస్తూ, ముక్కుకు ఘాటైన డీజిల్ వాసన తగిలితే డీజిల్ చేరుతున్నది గాని మండడం లేదు. నల్లని పొగ వస్తే మండుతున్న డీజిల్‌కు చాలినంత గాలి లేదు. నీలపు పొగ వస్తే ఇంజను ఆయిల్ సిలిండరులోకి చేరి మండుతున్నది.

డీజిల్ చేరనపుడు

మొదట ట్యాంకులో డీజిల్ ఉన్నదో లేదో చూడాలి. పాత వాహనాలలో ముల్లు చూపేది నమ్మదగినది కాదు.

తరువాత చూడవలసినది పంపు మీది ఆపుడు సోలినాయిడ్. రోటరీ రకం పంపులలో తాళం తిప్పగానే 12 వోల్టుల విద్యుత్తుతో ఇది తెరచుకొని డీజిల్‌ను లోపలికి వదులుతుంది. విద్యుత్తు పోతే మూసుకొని ఇంజనును ఆపుతుంది. తాళం తిప్పినపుడు పంపు వద్ద చెవి పెడితే సన్నగా టిక్కుమని వినిపించాలి. వినిపించకపోతే తీగను, ఫ్యూజును పరీక్షించాలి. కొన్ని వాహనాలలో దీని బదులు కేబులుతో లాగి ఆపే మీట ఉంటుంది. అది ఆపిన స్థితిలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు.

అన్నిటికంటే తరచుగా కనిపించే లోపం డీజిల్ దారిలో గాలి చేరడం. మెకానిక్కులు దీనిని ఎయిర్ లాక్ అంటారు. ద్రవానికి కుదించబడే గుణం చాలా తక్కువ, గాలికి ఎక్కువ. పాత ఇంజనులలో నాజిల్ తెరచుకోవడానికి వాతావరణ పీడనానికి నూరు రెట్లకు మించిన పీడనం కావాలి. పంపులో గాలి బుడగ ఉంటే పంపు చేసే పని అంతా ఆ బుడగను కుదించడానికే సరిపోతుంది, నాజిల్ తెరచుకోదు.

ట్యాంకుకు, పంపుకు మధ్య గల గొట్టాలలో డీజిల్ లాగబడుతుంది, నెట్టబడదు. అందువలన ఆ భాగంలో పగులు ఉంటే డీజిల్ బయటకు కారకుండానే గాలి లోపలికి చేరుతుంది. కింద మరక లేదు కనుక గొట్టం బాగున్నదని అనుకోరాదు. రాత్రి బండి నిలిపినపుడు ఆ పగులు గుండా గాలి ప్రవేశించి, డీజిల్ వెనుకకు ట్యాంకులోకి జారిపోతుంది. ఉదయం చాలా సేపు సెల్ఫ్ వేస్తే గాని ఇంజను పలకదు. ఆ తరువాత రోజంతా బాగానే నడుస్తుంది. ఎండకు గట్టిపడిన రబ్బరు గొట్టాలు, వదులైన క్లిప్పులు, ఫిల్టరు మార్చినపుడు సరిగా కూర్చోని రబ్బరు వలయం, చేతి పంపులోని చిల్లు పడిన రబ్బరు పొర దీనికి ముఖ్య కారణాలు.

గాలిని తీసివేయడానికి ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చే వరకు చేతి పంపును నొక్కి, నొక్కుతూనే స్క్రూను బిగించాలి. తరువాత అవసరమైతే నాజిల్ వద్ద గొట్టపు నట్టును ఒక చుట్టు వదులు చేసి, సెల్ఫ్ వేసి, డీజిల్ రాగానే బిగిస్తారు. ఆ సమయంలో చేతిని దగ్గర పెట్టరాదు. అధిక పీడనంతో వచ్చే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటు వలె కనిపించినా ఇది వెంటనే శస్త్రచికిత్స అవసరమైన గాయం. ఆలస్యమైతే వేలిని గాని, చేతిని గాని తొలగించవలసి రావచ్చు.

పంపును విప్పక ముందే చేయదగిన ఒక సులభమైన పరీక్ష ఉన్నది. శుభ్రమైన డీజిల్ నింపిన చిన్న డబ్బాను పంపు కంటే ఎత్తులో వేలాడదీసి, కొత్త గొట్టంతో నేరుగా పంపుకు కలపాలి. పంపు నుండి తిరిగి వచ్చే గొట్టాన్ని కూడా అదే డబ్బాలో ఉంచవచ్చు. అట్లా ఇంజను బాగా నడిస్తే పంపు, నాజిళ్ళు మంచివే. లోపం ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు - ఈ మూడింటిలోనే ఉన్నది. అప్పటికీ నడవకపోతే మాత్రమే పంపును అనుమానించాలి.

డీజిల్ చేరినా మండనపుడు

తెల్లని పొగ చల్లని వేళలలో మాత్రమే వస్తుంటే హీటర్ ప్లగ్గులను చూడాలి. క్వాలిస్ ఇంజను వంటి వాటిలో ప్రధాన దహన గదికి ముందు ఒక చిన్న గది ఉంటుంది. డీజిల్ మొదట ఆ గదిలో అంటుకుంటుంది. ఆ గది గోడలు వేడిని పీల్చుకుంటాయి కనుక చల్లని ఇంజనుకు హీటర్ ప్లగ్గుల సాయం కావాలి. డీజిల్‌ను నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజనులకు వీటి అవసరం తక్కువ. అందువలన అరకు, లంబసింగి వంటి చోట్ల చలికాలపు వేకువన మొరాయించిన బండి, విజయవాడ ఎండలో అర క్షణంలో మొదలు కావచ్చు. లోపం పోలేదు, మరుగున పడింది.

ప్లగ్గులను కలిపే లోహపు పట్టీని తీసి, ఒక్కొక్క ప్లగ్గు నిరోధాన్ని ఓమ్‌మీటరుతో కొలవాలి. మంచి ప్లగ్గు సుమారు ఒక ఓము చూపుతుంది. తెగిన ప్లగ్గు అనంతమైన నిరోధాన్ని చూపుతుంది. ఒక్క ప్లగ్గు పోతే ఇంజను మూడు సిలిండర్లతో వణుకుతూ మొదలై, కొద్దిసేపటికి కుదురుకుంటుంది. అన్ని ప్లగ్గులూ ఒకేసారి పనిచేయకపోతే ప్లగ్గుల కంటే ముందు వాటి రిలేను పరీక్షించాలి.

ప్లగ్గులు మంచివైనా, వేడి ఇంజనులో కూడా తెల్లని పొగ వస్తుంటే కుదింపు తగ్గి ఉండవచ్చు. రింగులు, సిలిండరు గోడలు అరగడం, వాల్వులు సరిగా మూసుకోకపోవడం, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినడం దీనికి కారణాలు. పంపు టైమింగు తప్పినా, నాజిల్ తుంపర చేయక ధారగా కార్చినా ఇదే లక్షణం కనిపిస్తుంది. వీటికి కుదింపు కొలిచే మీటరు, నాజిల్ పరీక్షించే యంత్రం కావాలి. ఇది శిక్షణ పొందిన మెకానిక్ పని. రేడియేటరు నీరు తగ్గుతూ, పొగలో తీయని వాసన వస్తుంటే ఆ తెలుపు డీజిల్ వలన కాక, సిలిండరులోకి చేరిన కూలెంటు వలన వచ్చినదై ఉండవచ్చు.

మూడవ పరీక్ష: ఎట్లా ఆగిపోయింది?

నడుస్తున్న ఇంజను ఆగిన తీరును డ్రైవరు గుర్తుంచుకొని చెప్పగలిగితే సగం పని పూర్తయినట్లే.

తాళం తీసినట్లు ఒక్కసారిగా ఆగిపోతే లోపం సాధారణంగా విద్యుత్తుకు సంబంధించినది. ఆపుడు సోలినాయిడ్ తీగ వదులై, గతుకులలో ఊడుతూ ఉండవచ్చు. తాళం స్విచ్చిలోని స్పర్శలు అరిగి ఉండవచ్చు. ఇంజను నడుస్తున్నపుడు ఆ తీగలను, తాళాన్ని మెల్లగా కదిపి చూస్తే బయటపడుతుంది.

శక్తి క్రమంగా తగ్గి, ఎత్తు ఎక్కలేక, చివరకు ఆగిపోయి, పది నిమిషాల తరువాత మళ్ళీ మొదలైతే డీజిల్ అందడం లేదు. ఫిల్టరు మూసుకుపోవడం, ట్యాంకు అడుగున చెత్త జల్లెడకు అడ్డుపడడం ముఖ్య కారణాలు. బండి ఆగగానే చెత్త కిందికి జారిపోతుంది కనుక మళ్ళీ నడుస్తుంది. ట్యాంకులోకి గాలి వచ్చే రంధ్రం మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. డీజిల్ ఖర్చయిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు లాగలేకపోతుంది. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పినపుడు బుస్సుమని గాలి లోపలికి పోతే కారణం తెలిసినట్లే.

క్లచ్ తొక్కినపుడు గాని, సిగ్నలు వద్ద నిలిచినపుడు గాని ఆగిపోతే ఇంజను నిదాన వేగం తగ్గి ఉండవచ్చు. ఏ.సి. వేసినపుడు మాత్రమే ఆగితే, ఆ భారానికి తగినట్లు వేగాన్ని పెంచే పరికరం పనిచేయడం లేదు. నిదాన వేగాన్ని తయారీదారు చెప్పిన మేరకే సరిచేయాలి. డీజిల్ దారిలోని గాలిని కప్పిపుచ్చడానికి వేగం పెంచితే అసలు లోపం దాగి పెరుగుతుంది.

చల్లగా ఉన్నపుడు బాగా మొదలై, దూరం నడిచి వేడెక్కిన తరువాత ఆపితే మళ్ళీ మొదలు కాకపోవడం పాత రోటరీ పంపులలో తెలిసిన లోపం. వేడికి డీజిల్ పల్చనవుతుంది. అరిగిన పంపులో పల్చని డీజిల్ సందుల గుండా జారిపోయి, సెల్ఫ్ వేగానికి చాలినంత పీడనం పుట్టదు. పంపు చల్లబడే వరకు ఆగితే మొదలవుతుంది. అయితే వేడికి సెల్ఫ్ మోటారు నెమ్మదించడం కూడా ఇదే విధంగా కనిపిస్తుంది కనుక, ముందుగా ఇంజను తిరిగే వేగాన్ని గమనించాలి.

ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను దాటి, ఇంజను బరువెక్కి ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ వేయరాదు. పూర్తిగా చల్లారే వరకు రేడియేటరు మూత తెరువరాదు. టైమింగ్ బెల్టు గల ఇంజను చప్పుడుతో హఠాత్తుగా ఆగి, తరువాత సెల్ఫ్ ఎప్పటికంటే తేలికగా తిరుగుతుంటే బెల్టు తెగి ఉండవచ్చు. అప్పుడు ఇంకా తిప్పితే పిస్టన్లు, వాల్వులు ఢీకొని మరింత నష్టం జరుగుతుంది.

డీజిల్ నాణ్యత

డీజిల్‌లో నీరు చేరితే పంపు, నాజిళ్ళు తుప్పు పడతాయి. డ్రమ్ములలో నిలువ చేసిన డీజిల్‌లోనూ, వానాకాలంలో సగం ఖాళీగా ఉంచిన ట్యాంకులోనూ నీరు చేరే అవకాశం ఎక్కువ. నీరు డీజిల్ కంటే బరువైనది కనుక ఫిల్టరు అడుగున చేరుతుంది. అక్కడి స్క్రూను వదులు చేసి, కొద్దిగా గాజు సీసాలోకి పట్టి చూస్తే నీరు వేరుగా కనిపిస్తుంది.

కిరోసిన్ కలిపిన డీజిల్ మరొక ప్రమాదం. యాంత్రిక పంపులోని కదిలే భాగాలకు డీజిలే కందెన. కిరోసిన్‌లో ఆ జిగురు తక్కువ. కల్తీని గుర్తించడానికే చౌక దుకాణాల కిరోసిన్‌కు నీలి రంగు కలిపేవారు. 2020 ఏప్రిల్ 1 నుండి భారతదేశమంతటా భారత్ స్టేజ్-6 డీజిల్ అమలులోకి వచ్చింది. దీనిలో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించరాదు. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో డీజిల్ సహజ కందెన గుణం కొంత తగ్గుతుంది కనుక శుద్ధి కర్మాగారాలలో దానికి తగిన పదార్థాలు కలుపుతారు.

వరద నీటిలో మునిగిన వాహనాలు

2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలోనూ అనేక వాహనాలు నీట మునిగాయి. మునిగిన బండిలో నీరు తగ్గగానే సెల్ఫ్ వేయడం అత్యంత నష్టదాయకమైన పొరపాటు. సిలిండరులో నీరు ఉంటే పిస్టను దానిని కుదించలేదు. ఫలితంగా కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, లేదా విరిగి ఇంజను గోడను పగులగొడుతుంది. నీటిలో నడుస్తూ హఠాత్తుగా ఆగిన ఇంజనుకు కూడా ఇదే వర్తిస్తుంది.

ముందుగా బ్యాటరీ తీగలు తీయాలి. గాలి ఫిల్టరు తెరచి, అది తడిసిందేమో చూడాలి. డిప్‌స్టిక్ మీది ఆయిల్ పాలు కలిపిన కాఫీ వలె కనిపిస్తే నీరు చేరినట్లు. నాజిళ్ళు లేదా హీటర్ ప్లగ్గులు విప్పి, ఇంజనును చేతితో తిప్పి నీటిని బయటకు పంపిన తరువాత, ఆయిల్, ఫిల్టర్లు, డీజిల్ మార్చి మాత్రమే మొదలు పెట్టాలి.

ప్రమాదకరమైన అలవాట్లు

గాలి గొట్టం వద్ద పెట్రోలు తడిపిన గుడ్డను పట్టుకోవడం, ఈథర్ చిమ్మడం కొందరు చేసే పని. హీటర్ ప్లగ్గులు గల ఇంజనులో ఆ ఆవిరి ఎర్రగా కాలిన ప్లగ్గును తాకి, పిస్టను పైకి రాకముందే పేలుతుంది. పిస్టన్లు, రింగులు విరగవచ్చు, మనిషికి కాలిన గాయాలు కావచ్చు.

మరొక వాహనపు బ్యాటరీతో కలిపినపుడు మొదట రెండు పాజిటివ్ స్తంభాలను కలిపి, తరువాత మంచి బ్యాటరీ నెగటివ్‌ను మొరాయించిన బండి ఇంజను లోహానికి తాకించాలి. చివరి కనెక్షను బ్యాటరీకి దూరంగా ఉండాలి. ఎందుకంటే బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజను నిప్పురవ్వకు పేలుతుంది. లారీలలో 24 వోల్టుల వ్యవస్థ ఉండవచ్చు కనుక దానితో నేరుగా కలపరాదు.

బండిని తోసి మొదలు పెట్టడం యాంత్రిక పంపు గల వాహనాలలో సాధ్యమే. కాని బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఆపుడు సోలినాయిడ్ తెరచుకోదు కనుక ఎంత తోసినా ఫలితం ఉండదు.

తరువాతి కాలపు కామన్ రైల్ ఇంజనులలో పైన చెప్పిన విధంగా నాజిల్ గొట్టాల నట్లను వదులు చేయడం నిషిద్ధం. వాటిలో పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. కామన్ రైల్ కార్లు 1997లో మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. వాటిలో క్రాంక్ వేగాన్ని కొలిచే సెన్సరు చెడినా ఇంజను హఠాత్తుగా ఆగిపోతుంది. దానిని కనుగొనడానికి స్కానరు యంత్రం కావాలి.

దారిలో ఇంజను ఆగిపోతే

డీజిల్ జీపులలో బ్రేకుకు బలాన్నిచ్చే శూన్యాన్ని ఇంజనుతో తిరిగే ఒక పంపు తయారు చేస్తుంది. ఇంజను ఆగితే నిలువ ఉన్న శూన్యం రెండు మూడు తొక్కుళ్ళకు మాత్రమే సరిపోతుంది. అందువలన బ్రేకును పదే పదే తొక్కక, ఒకే పర్యాయం గట్టిగా తొక్కి పట్టి బండిని పక్కకు నిలపాలి. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది గాని తిరుగుతుంది. బండి కదులుతుండగా తాళం బయటకు తీస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది.

రైలు పట్టాల మీద ఆగిపోతే మొదట ప్రయాణికులందరినీ దించి దూరంగా పంపి, గేటు కాపలాదారుకు తెలియజేయాలి. రైలు వచ్చే సూచన ఉంటే వాహనాన్ని వదలివేయాలి. సమయం ఉంటే, పాత వాహనాలలో మొదటి గేరు వేసి, క్లచ్ వదలి సెల్ఫ్ వేస్తే ఆ మోటారు బలంతోనే బండి కొన్ని అడుగులు కదిలి పట్టాలు దాటగలదు.

నివారణ

• ఫిల్టరు అడుగున చేరిన నీటిని క్రమం తప్పకుండా, ముఖ్యంగా వానాకాలంలో వారానికొకసారి తీయాలి.
• డీజిల్ ఫిల్టరు, గాలి ఫిల్టరు, టైమింగ్ బెల్టులను తయారీదారు సూచించిన దూరానికి మార్చాలి.
• గట్టిపడిన రబ్బరు గొట్టాలను పగలక ముందే మార్చాలి.
• బ్యాటరీ టెర్మినళ్ళను, ఎర్తు తీగను శుభ్రంగా ఉంచి, వాటికి గ్రీజు లేదా వాసలీన్ రాయాలి.
• సెల్ఫ్‌ను ఒక పర్యాయం పది పదిహేను క్షణాలకు మించి వేయరాదు. మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి.
• చేసిన మరమ్మతులను, తేదీలను ఒక పుస్తకంలో రాసి ఉంచితే తరువాతి లోపాన్ని కనుగొనడం సులభమవుతుంది.

ఇవి కూడా చూడండి

• డీజిల్ ఇంజను
• రుడాల్ఫ్ డీజిల్
• బ్యాటరీ
• టాటా సుమో